పదహారేళ్ల మా వాడు సిక్స్త్ ఫారం మానేసి ఆర్మీ ట్రైనింగ్‌కి వెళ్తున్నాడు. చైల్డ్ బెనిఫిట్ ఎప్పుడు ఆగుతుంది?

లెస్టర్_అమ్మ

అందరికీ నమస్కారం. యూకేలో పిల్లలు ఆర్మీలో చేరిన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే చెప్తారని రాస్తున్నాను.

మేము లెస్టర్‌లో ఉంటాం. మా ఆయనది వేర్‌హౌస్‌లో ఉద్యోగం, నేను కేర్ హోమ్‌లో పార్ట్‌టైమ్ చేస్తాను. ఇద్దరు పిల్లలు. బాబుకి ఈ మేలో పదహారు నిండాయి. పాప ఇయర్ సెవెన్‌లో ఉంది. అందరం బ్రిటిష్ సిటిజన్లమే.

బాబు పన్నెండేళ్లప్పుడు ఆర్మీ క్యాడెట్స్‌లో చేరాడు. అప్పట్నుంచీ వాడికి అదే ధ్యాస. జిసిఎస్‌ఈలు (పదహారేళ్లకి రాసే స్కూలు పరీక్షలు) బాగానే రాశాడు, మా మాట కాదనలేక సెప్టెంబరులో సిక్స్త్ ఫారంలో, అంటే వాటి తర్వాతి రెండేళ్ల చదువులో చేరాడు. కానీ పక్కనే అప్లికేషన్ కూడా పెట్టుకున్నాడు. బ్లీప్ టెస్ట్ కోసం వాళ్ల నాన్నే పార్కులో టేపు పెట్టి ఇరవై మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దతో గీతలు గీసి, ఫోన్‌లో ఆ బీప్ ఆడియో పెట్టుకుని వాణ్ణి పరిగెత్తించారు. అసెస్‌మెంట్ పాసయ్యాడు. హారోగేట్‌లోని ఆర్మీ ఫౌండేషన్ కాలేజీకి మార్చి ఇన్‌టేక్‌లో (మార్చిలో చేరే బ్యాచ్‌లో) ఆఫర్ వచ్చింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి మా సంతకం కావాలి. మా ఆయన పెట్టేశారు. నేనూ పెట్టాను, కాస్త ఆలోచించి పెట్టాను.

ఇప్పుడు అసలు విషయం. వాడు ఈ నవంబరు 14తో సిక్స్త్ ఫారం ఆపేస్తానంటున్నాడు. మార్చి దాకా ఒంటిని తయారు చేసుకుంటాడట, ఏదైనా పార్ట్‌టైమ్ పని చూసుకుంటాడట. మాకు ఇద్దరు పిల్లలకీ కలిపి ప్రభుత్వం పిల్లల కోసం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ వస్తుంది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకిచ్చే యూనివర్సల్ క్రెడిట్ కూడా వస్తుంది, పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఆ డబ్బుతోనే గ్యాస్, కరెంటు బిల్లులు గడుస్తాయి.

వాడు స్కూలు మానేసిన రోజే చైల్డ్ బెనిఫిట్ ఆగిపోతుందా? హారోగేట్‌లో కూడా చదువు చెప్తారట కదా, పేరే కాలేజీ కదా, అక్కడ ఉన్నన్నాళ్లూ వస్తుందని మా తోటికోడలు అంటోంది. నిజమేనా? నాలుగు నెలల తర్వాత ఉత్తరం పంపి తీసుకున్నదంతా కట్టమంటే మా వల్ల కాదు. అదే నా టెన్షన్. ఎవరికి, ఎప్పుడు, ఏం చెప్పాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంకో మాట. ఇది అడిగితే కొందరు "పిల్లాణ్ణి ఆర్మీకి పంపుతూ పౌండ్ల లెక్క చూస్తున్నారా" అంటున్నారు. వాడు వెళ్లాక కూడా ఈ ఇల్లు నడవాలి, పాప చదవాలి. అందుకే అడుగుతున్నాను.


హారోగేట్_నాన్న

లెస్టర్ అమ్మగారూ, ముందు ఆ ఆఖరి మాటకి జవాబు చెప్తాను. లెక్క చూసుకోవడంలో తప్పేమీ లేదు. మా వాడు 2024లో మార్చి ఇన్‌టేక్‌లో హారోగేట్‌కి వెళ్లాడు. అప్పుడు నేనూ మా ఆవిడా రాత్రి పిల్లలు పడుకున్నాక ఇవే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. ప్రభుత్వం ఇచ్చే హక్కు అది. మీకు రావలసింది మీరు తీసుకోండి, రాకూడనిది ఒక్క వారం కూడా తీసుకోకండి. అంతవరకు మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు.

మీ తోటికోడలు చెప్పింది నిజం కాదు. హారోగేట్‌లో ఇంగ్లీషు, మ్యాథ్స్ చెప్తారు, అప్రెంటిస్‌షిప్ కూడా ఉంటుంది. కానీ అక్కడికి వెళ్లిన పిల్లాడు విద్యార్థి కింద లెక్క కాదు, జీతం తీసుకునే సైనికుడు. ఉద్యోగంలో భాగంగా యజమాని చెప్పించే చదువుని చైల్డ్ బెనిఫిట్ కోసం చదువుగా లెక్కలోకి తీసుకోరు. కాబట్టి వాడు ట్రైనింగ్ మొదలుపెట్టగానే వాడి పేరు మీద వచ్చేది ఆగిపోతుంది. ఇందులో రెండో మాట లేదు.

మీకు అసలు అక్కరకొచ్చేది మధ్యలో ఉన్న ఈ నాలుగు నెలల సంగతి. దీని గురించి చాలామందికి తెలియదు, మాకూ ఎవరూ చెప్పలేదు, గవ్ డాట్ యూకేలో చదువుతుంటే కనబడింది.

మామూలు పద్ధతి ఇదీ. పదహారు దాటిన పిల్లలు చదువు మానేస్తే చైల్డ్ బెనిఫిట్ ఆ రోజే ఆగదు. ఏడాదిలో నాలుగు తేదీలు పెట్టుకున్నారు: ఫిబ్రవరి ఆఖరు, మే 31, ఆగస్టు 31, నవంబరు 30. మానేశాక వీటిలో ముందు ఏది వస్తే అప్పటిదాకా ఇస్తారు. మీ వాడు నవంబరు 14న మానేస్తే నవంబరు 30తో అయిపోతుంది. అంటే రెండు వారాలే.

దాని మీద ఎక్స్‌టెన్షన్ అని ఒకటి ఉంది. చదువు మానేసిన పదహారు, పదిహేడేళ్ల పిల్లలు లోకల్ కెరీర్స్ సర్వీస్‌లో పేరు నమోదు చేయించుకున్నా, లేదా సాయుధ దళాల్లో చేరడానికి సైన్ అప్ చేసినా, ఇరవై వారాల దాకా చైల్డ్ బెనిఫిట్ పొడిగిస్తారు. సాయుధ దళాలు అని నిబంధనలోనే ఉంది, కాబట్టి మీ వాడి విషయంలో సందేహమే లేదు. నవంబరు 14 శుక్రవారం. ఎక్స్‌టెన్షన్ ఆ తర్వాతి సోమవారం, 17 నుంచి మొదలవుతుంది. ఇరవై వారాలంటే 2026 ఏప్రిల్ 5 దాకా వస్తుంది. మార్చి ఇన్‌టేక్ అంతకు ముందే కాబట్టి మధ్యలో ఖాళీ ఉండదు. వాడు ట్రైనింగ్‌కి వెళ్లేదాకా వస్తుంది, వెళ్లాక ఆగుతుంది.

అయితే అడిగితేనే ఇస్తారు, దానంతట అది రాదు. చదువు మానేసిన మూడు నెలల లోపు అడగాలి. మార్చిలో వాణ్ణి దింపి వచ్చాక తీరిగ్గా అడుగుదామంటే గడువు దాటిపోతుంది. మానేసిన వారంలోనే హెచ్‌ఎంఆర్‌సికి (పన్నుల శాఖకి) చెప్పేయండి, గవ్ డాట్ యూకేలో మీ అకౌంట్‌లోంచి గానీ ఫోన్‌లో గానీ. మానేసిన సంగతీ, ఆర్మీలో చేరుతున్న సంగతీ, ఎక్స్‌టెన్షన్ కావాలన్న సంగతీ, మూడూ ఒకేసారి చెప్పండి. మొదటిది మాత్రమే చెప్పి ఊరుకుంటే నవంబరు 30తో ఆపేసి చేతులు దులుపుకుంటారు. మీ వాడి ఆఫర్ లెటర్ పక్కన పెట్టుకుని ఫోన్ చేయండి, తేదీలు అడుగుతారు.

పార్ట్‌టైమ్ పని అన్నారు కదా, అక్కడ మాత్రం కళ్లు తెరిచి ఉండండి. ఎక్స్‌టెన్షన్ ఉన్నన్నాళ్లూ వాడు వారానికి 24 గంటల కంటే తక్కువే పని చేయాలి. 24 గంటలు చేస్తే ఆ పని వల్లే చైల్డ్ బెనిఫిట్ పోతుంది. డిసెంబరులో షాపులవాళ్లు, వేర్‌హౌస్‌లవాళ్లు అదనపు షిఫ్టులు ఇస్తామని పిల్లల్ని పిలుస్తారు, వీళ్లకేమో నాలుగు రాళ్లు కళ్లజూడాలని ఉత్సాహం. గంటల సంగతి ముందే కూర్చోబెట్టి చెప్పండి. మా వాడికి మా ఆవిడ ఫ్రిజ్ మీద కాగితం అంటించింది, ఏ వారం ఎన్ని గంటలో వాడే రాసుకునేవాడు. వాడి పేరు మీద వాడు వేరే బెనిఫిట్ ఏదీ తీసుకోకూడదన్నది ఇంకో షరతు. అది మీకు ఎదురుకాదు.

ఇక మొత్తం ఎంత పోతుందో చూద్దాం, మీరు భయపడుతున్నంత లేదు. 2025-26లో పెద్ద పిల్లాడికి వారానికి 26 పౌండ్ల 5 పెన్నీలు, తర్వాతి పిల్లలకి తలా 17 పౌండ్ల 25 పెన్నీలు. మీకు ఇప్పుడు కలిపి 43 పౌండ్ల 30 పెన్నీలు వస్తుండాలి. బాబు లెక్కలోంచి వెళ్లిపోయాక పాపే ఇంట్లో పెద్దదవుతుంది, తనకి 26.05 వస్తుంది. అంటే మీ ఇంటికి తగ్గేది వారానికి 17.25. డిసెంబరు మొదటి నుంచి మార్చి మొదటి దాకా పదమూడు వారాలు వేసుకున్నా 224 పౌండ్ల పైచిలుకు. ఒక ఫోన్ కాల్‌కి అది తక్కువేమీ కాదు, వదులుకోకండి.

యూనివర్సల్ క్రెడిట్ నాకు అంతగా తెలియదు. మేము అది తీసుకోలేదు. తెలిసినవాళ్లు చెప్తారు.


సలహా_కేంద్రం_వాలంటీర్

నేను వారానికి ఒకరోజు మా ఊళ్లో ఉచిత సలహా కేంద్రంలో కూర్చుంటాను. పై అన్నగారు చైల్డ్ బెనిఫిట్ గురించి రాసింది సరిగ్గా ఉంది. నేను యూనివర్సల్ క్రెడిట్ మాత్రమే చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ దెబ్బతినేది అక్కడే.

చైల్డ్ బెనిఫిట్ ఇచ్చేది హెచ్‌ఎంఆర్‌సి. యూనివర్సల్ క్రెడిట్ ఇచ్చేది డిడబ్ల్యూపి, అంటే పని, పెన్షన్ల శాఖ. ఒకరికి చెప్తే రెండోవాళ్లకి తెలిసిపోతుందనుకోకండి. ఇద్దరికీ విడివిడిగా చెప్పాలి. రెండింటి నిబంధనలు కూడా వేరు. యూనివర్సల్ క్రెడిట్‌లో ఆ ఇరవై వారాల ఎక్స్‌టెన్షన్ లేదు. నవంబరు 30, ఫిబ్రవరి ఆఖరు లాంటి తేదీలూ లేవు. పదహారు నిండాక వచ్చే ఆగస్టు 31 దాకా ఎలాగూ ఇస్తారు. ఆ తర్వాత పిల్లాడు చదువులో ఉంటేనే, పంతొమ్మిది నిండాక వచ్చే ఆగస్టు 31 దాకా. మీ వాడికి మొదటి తేదీ దాటిపోయింది కాబట్టి ఇప్పుడు సిక్స్త్ ఫారంలో ఉండటం వల్లే వస్తోంది. మానేస్తే పోతుంది. హెచ్‌ఎంఆర్‌సి ఎక్స్‌టెన్షన్ ఒప్పుకుని చైల్డ్ బెనిఫిట్ ఇస్తూ ఉన్నా సరే, యూనివర్సల్ క్రెడిట్‌లో పిల్లాడి భాగం ఆగిపోతుంది. "ఒకటి వస్తోంది కదా, రెండోదీ రావాలి" అని ఊరుకున్న కుటుంబాలు తర్వాత తిరిగి కట్టాల్సి వచ్చింది. నా బల్ల ముందుకు అలాంటి ఉత్తరాలు పట్టుకుని వచ్చినవాళ్లు ఉన్నారు.

ఎంత పోతుందంటే, 2025-26లో నెలకి 292 పౌండ్ల 81 పెన్నీలు. మొదటి బిడ్డకి ఇచ్చే 339 పౌండ్ల రేటు మీ పాపకి వస్తుంది, ఎందుకంటే తను కూడా 2017 ఏప్రిల్ 6కి ముందు పుట్టిందే అయి ఉంటుంది. కాబట్టి చిన్న మొత్తమే తగ్గుతుంది, కానీ ఆ చిన్న మొత్తమే దగ్గర దగ్గర మూడు వందలు. మీకు ఇప్పుడు నెలకి వస్తున్నది అంతకంటే తక్కువైతే మీ క్లెయిమ్ సున్నాకి వచ్చేస్తుంది. అది జరిగితే నాకు చెప్పండి, ఎందుకంటే 2026 సెప్టెంబరు నుంచి ఇంగ్లండ్‌లో యూనివర్సల్ క్రెడిట్ ఉన్న ప్రతి ఇంటి పిల్లలకీ స్కూల్లో మధ్యాహ్న భోజనం ఉచితం చేస్తున్నారు, మీ పాపకి అది పనికొచ్చే సంగతి.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా చూడాల్సినది మీ అసెస్‌మెంట్ పీరియడ్, అంటే యూనివర్సల్ క్రెడిట్‌కి లెక్క కట్టే నెల. ఇంట్లో ఏదైనా మార్పు వస్తే అది ఆ పీరియడ్ మొదటి రోజు నుంచే వచ్చినట్టు లెక్క కడతారు. ఉదాహరణకి మీ పీరియడ్ ప్రతి నెలా 9 నుంచి వచ్చే నెల 8 దాకా అనుకుందాం. వాడు నవంబరు 14న మానేస్తే నవంబరు 9 నుంచే వాడి భాగం పోతుంది. అదే డిసెంబరులో టర్మ్ అయ్యేదాకా చదివి 19న మానేస్తే, డిసెంబరు 9 నుంచి పోతుంది. అంటే అయిదు వారాలు చదివితే ఒక నెల డబ్బు నిలుస్తుంది. మీ పీరియడ్ తేదీలు జర్నల్‌లో పేమెంట్ స్టేట్‌మెంట్ మీద ఉంటాయి, ఒకసారి తెరిచి చూసుకోండి.

ఒకటి గట్టిగా చెప్తున్నాను. చదవడమంటే నిజంగా క్లాసుకి వెళ్లడం. పేరు రిజిస్టర్‌లో ఉంచి ఇంట్లో కూర్చుంటే అది చదువు కాదు, తెలిస్తే మొత్తం వెనక్కి అడుగుతారు. వాడికి ఇష్టమైతేనే ఈ మాట.

వాడు చేసే పార్ట్‌టైమ్ పని జీతం మీ యూనివర్సల్ క్రెడిట్‌లో లెక్కలోకి రాదు. రేపు ఆర్మీ జీతం కూడా రాదు. అది వాడిది.

ఒక్కడే సంతానమైన వాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. పిల్లాడు లెక్కలోంచి వెళ్లిపోతే పిల్లాడి భాగంతో పాటు మీ వర్క్ అలవెన్స్ కూడా పోతుంది, అంటే 2025-26లో మీ జీతంలో మొదటి 411 పౌండ్లో, ఇంటి అద్దెకి సాయం తీసుకోకపోతే 684 పౌండ్లో కోత లేకుండా వదిలేసే ఆ సదుపాయం. ఆ తర్వాత సంపాదించిన ప్రతి పౌండ్‌కీ 55 పెన్నీలు తగ్గిస్తారు. లెస్టర్ అమ్మగారికి పాప ఉంది కాబట్టి ఈ బెడద లేదు.


లెస్టర్_అమ్మ

ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. రాత్రి మా ఆయనకి చదివి వినిపించాను. మా అసెస్‌మెంట్ పీరియడ్ 11 నుంచి మొదలవుతోంది, ఇప్పుడే చూశాను.

హారోగేట్ నాన్నగారూ, మిమ్మల్ని ఇంకొకటి అడగాలి. ఇది డబ్బు సంగతీ, డబ్బు కాని సంగతీ రెండూ. వాడు అక్కడికి వెళ్లి ఉండలేకపోతే? మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా "సంతకం పెట్టేశారు, ఇక వాడు మన చేతిలో లేడు" అని ఏడుస్తోంది. వెనక్కి రాగలడా? వస్తే చైల్డ్ బెనిఫిట్ మళ్లీ వస్తుందా, లేక ఒకసారి ఆపేస్తే అంతేనా?


హారోగేట్_నాన్న

వెనక్కి రాగలడు అమ్మా. మీ అత్తగారికి ఈ ముక్క మాత్రం తప్పకుండా చెప్పండి, ఆ పెద్దావిడ మనసు కుదుటపడుతుంది.

వెళ్లిన మొదటి 28 రోజులు ఆగమంటారు. ఆ తర్వాత ఆరు నెలల దాకా, వెళ్లిపోతానని రాసిచ్చి 14 రోజుల నోటీసుతో బయటికి రావచ్చు. ఆరు నెలలు దాటినా పద్దెనిమిదో పుట్టినరోజు లోపు వెళ్లిపోయే హక్కు ఉంటుంది, కాకపోతే అప్పుడు నోటీసు మూడు నెలలు. ఎందుకు వెళ్తున్నావని కారణం చూపించి ఒప్పించాల్సిన పని లేదు. పద్దెనిమిది నిండేలోపు యుద్ధానికి పంపరు కూడా. అసలు కట్టుబాటు మొదలయ్యేది పద్దెనిమిది నుంచి. అక్కడి నుంచి నాలుగేళ్లు, అంటే ఇరవై రెండో పుట్టినరోజు దాకా ఉండాలి. కాబట్టి మీరు నిజంగా కూర్చుని మాట్లాడాల్సిన రోజు వాడు హారోగేట్‌కి బయల్దేరే రోజు కాదు. పద్దెనిమిదికి ముందున్న నెలలు. అప్పుడు అడగండి వాణ్ణి, ఫోన్‌లో కాదు, ఇంటికొచ్చినప్పుడు, ఎవరూ లేకుండా. మా వాణ్ణి నేను కారులో అడిగాను, రైల్వే స్టేషన్‌కి దింపుతూ. "ఉంటాను నాన్నా" అన్నాడు. ఆ మాట అన్న తీరు చూసి నేను ఇంకేమీ అడగలేదు.

వెనక్కి వచ్చిన పిల్లాడు మళ్లీ కాలేజీలోనో సిక్స్త్ ఫారంలోనో చేరితే చైల్డ్ బెనిఫిట్ మళ్లీ క్లెయిమ్ చేసుకోవచ్చు. కోర్సు పంతొమ్మిది నిండకముందే మొదలవ్వాలి, లేదా అందులో సీటు ఖాయమై ఉండాలి, వారానికి సగటున 12 గంటలకి మించి చెప్పే చదువు అయి ఉండాలి, డిగ్రీ స్థాయిది కాకూడదు. ఏ కోర్సులోనూ చేరకుండా ఊరికే ఇంట్లో ఉంటే రాదు. ఆ ఇరవై వారాల ఎక్స్‌టెన్షన్ రెండోసారి ఇవ్వరు, ఎందుకంటే దానికి ముందు రోజు దాకా చైల్డ్ బెనిఫిట్ వస్తూ ఉండాలి.

అందుకే నా సలహా: సిక్స్త్ ఫారంవాళ్లతో మంచిగా మాట్లాడి బయటికి రండి. మా వాడితో పాటు అసెస్‌మెంట్‌కి వెళ్లిన ఒక పిల్లాడికి మెడికల్‌లో ఏదో కాగితం తక్కువై ఇన్‌టేక్ సెప్టెంబరుకి జరిగింది. వాడు అప్పటికే చదువు మానేశాడు. పాపం ఆ ఆరు నెలలు ఇంట్లో నలిగిపోయాడు. మీ వాడికి మెడికల్ పూర్తిగా అయిపోయిందా? తేదీ ఖాయంగా ఇచ్చారా? ఆ రెండూ కాగితం మీద చూసేదాకా వాణ్ణి చదువులో ఉంచమని అంటాను. డబ్బు కోసం అనడం లేదు. ఆ వయసు పిల్లాడికి పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు ఉండాలి.

టర్మ్ ఆఖరు దాకా చదివితే చైల్డ్ బెనిఫిట్‌లోనూ మీకు మేలే. డిసెంబరు 19న మానేస్తే ఆ తర్వాత వచ్చే తేదీ ఫిబ్రవరి ఆఖరు. అంటే ఎక్స్‌టెన్షన్ లేకుండానే ఫిబ్రవరి 28 దాకా వస్తుంది. అయినా ఎక్స్‌టెన్షన్ అడిగి పెట్టుకోండి. డిసెంబరు 22 నుంచి ఇరవై వారాలంటే మే 10 దాకా, ఇన్‌టేక్ ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అయినా మీకు ఇబ్బంది ఉండదు.


కోవెంట్రీ_వదిన

నాది వేరే పరిస్థితి, పనికొచ్చేవాళ్లు ఉంటారని రాస్తున్నాను. నేను పిల్లల్ని ఒక్కదాన్నే పెంచుకుంటున్నాను. మా పెద్దోడు పదిహేడులో ఆర్మీలో చేరాడు.

వాళ్ల నాన్న చైల్డ్ మెయింటెనెన్స్ కట్టేవారు. చైల్డ్ బెనిఫిట్ ఆగితే మామూలుగా అది కూడా ఆగుతుంది, రెండింటికీ ముడి. పదహారు దాటాక ఇరవై లోపు చదువులో ఉన్నంతవరకే. నాకు ఈ ముడి సంగతి తెలియడం వల్ల ఆ నెల నుంచి ఇంటి ఖర్చు ముందే సర్దుకున్నాను. మీలో ఎవరికైనా మెయింటెనెన్స్ వస్తుంటే, పిల్లాడు వెళ్లే తేదీని చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్‌కి కూడా చెప్పండి. అవతలి మనిషి చెప్తాడులే అని ఊరుకుంటే మాటలు పడాల్సి వస్తుంది.

కౌన్సిల్ టాక్స్‌లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకిచ్చే 25 శాతం తగ్గింపుకి దీనితో సంబంధం లేదు. పద్దెనిమిది నిండని పిల్లల్ని ఎలాగూ లెక్కపెట్టరు.

నన్ను ఇబ్బంది పెట్టింది గది. మాది కౌన్సిల్ ఇల్లు. యూనివర్సల్ క్రెడిట్‌లో అద్దె భాగం వస్తుంది. వాడు వెళ్లాక ఆ గది ఖాళీ గది కింద పడి అద్దె సాయంలో 14 శాతం కోశారు. సైనికుడు ఆపరేషన్ల మీద దూరంగా ఉంటే వాడి గది వాడికి ఉంచుతారు, ఆ నిబంధన ఉంది, కానీ ట్రైనింగ్ ఆ లెక్కలోకి రాదు. వాడు సెలవుల్లో వస్తాడు కదా, ఎక్కడ పడుకోవాలి అని ఫోన్‌లో అడిగాను. అవతల అమ్మాయి ఓపిగ్గానే విన్నది, కానీ నిబంధన నిబంధనే. తర్వాత కౌన్సిల్‌లో డిస్క్రిషనరీ హౌసింగ్ పేమెంట్‌కి (అద్దెకి అదనపు సాయానికి) అప్లికేషన్ పెట్టుకున్నాను. కొన్నాళ్లు ఇచ్చారు. అది వాళ్ల ఇష్టం, హక్కు కాదు, కానీ అప్పట్లో అడగడానికి అదొక దారి. లెస్టర్ చెల్లీ, మీది అద్దె ఇల్లయితే ఇది కూడా లెక్కలో వేసుకో.


సలహా_కేంద్రం_వాలంటీర్

వదినగారు చెప్పిన గది సంగతి నేను మర్చిపోకుండా రాయాల్సిన మాటే, బాగా చెప్పారు. ప్రైవేటు అద్దెలో ఉన్నవాళ్లకి కోత శాతంలో ఉండదు, ఎన్ని గదులకి అర్హత ఉందో దాన్ని బట్టి లోకల్ హౌసింగ్ అలవెన్స్ (అద్దె సాయానికి పెట్టిన గరిష్ఠ మొత్తం) రేటు మారుతుంది. బాబుకి ఒకటి, పాపకి ఒకటి, మీకు ఒకటి, మూడు గదుల రేటు వస్తుంటే రెండు గదుల రేటుకి దిగుతుంది. పిల్లాడు చదువు మానేసి ఇంట్లోనే ఉన్నంతకాలం గది లెక్కలో ఉంటాడు. ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడే మారుతుంది. అందుకని డిడబ్ల్యూపికి రెండుసార్లు చెప్పాలి: చదువు మానేసినప్పుడు ఒకసారి, ఇల్లు వదిలినప్పుడు ఇంకోసారి.

ఇంకా ఇద్దరు ముగ్గురు నాకు విడిగా మెసేజ్ పెట్టి, చైల్డ్ బెనిఫిట్ ఆగితే తల్లి పెన్షన్‌కి పనికొచ్చే నేషనల్ ఇన్సూరెన్స్ క్రెడిట్లు పోతాయా అని అడిగారు. ఆ క్రెడిట్లు పన్నెండేళ్ల లోపు బిడ్డ ఉన్నంతవరకే వస్తాయి. పదహారేళ్ల వాడు వెళ్లినా ఉన్నా దానికి తేడా లేదు.


లెస్టర్_అమ్మ

మాది ప్రైవేటు అద్దె ఇల్లే వదినా, కానీ హాలుతో కలిపి రెండు గదులే. పిల్లలిద్దరికీ ఒక గది ఇచ్చి మేము హాల్లో పడుకుంటాం. అర్హత మూడు గదులకి ఉన్నా అద్దె అంతకంటే తక్కువే, కాబట్టి అక్కడ పెద్దగా పోయేదేమీ లేదనుకుంటున్నాను.

నిన్న బాబుని కూర్చోబెట్టి అంతా చెప్పాం. మెడికల్ పూర్తయింది, తేదీతో ఉత్తరం మాత్రం ఇంకా రాలేదట. ఆ పిల్లాడికి ఇన్‌టేక్ జరిగిన సంగతి వినగానే కాస్త దిగాడు. టర్మ్ అయ్యేదాకా సిక్స్త్ ఫారానికి వెళ్తానని ఒప్పుకున్నాడు. "డబ్బు కోసమా అమ్మా" అని అడిగాడు. కొంచెం దానికోసం, ఎక్కువ నీకోసం అని చెప్పాను. శని, ఆదివారాలు పని చూసుకుంటాడు, గంటలు తక్కువే.

చివరిగా ఒక్కటి. డిసెంబరులో హెచ్‌ఎంఆర్‌సికి నేనే చెప్పాలా, మా ఆయన చెప్పినా సరిపోతుందా? పగలు ఫోన్ చేయడానికి నాకు కేర్ హోమ్‌లో కుదరదు.


హారోగేట్_నాన్న

చైల్డ్ బెనిఫిట్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే చెప్పాలమ్మా. మీ పేరు మీద ఉంటే మీరే. పగలు కుదరకపోతే ఆన్‌లైన్‌లో రాత్రి అయినా చేయొచ్చు. పంపాక వచ్చే రిఫరెన్స్ నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మార్చిలో వాడు గేటు లోపలికి వెళ్లిన రోజు మళ్లీ ఇంకోసారి చెప్పాలి, ఆ వారం మీకు మనసు మనసులో ఉండదు కాబట్టి ఇప్పుడే ఫోన్‌లో రిమైండర్ పెట్టేసుకోండి.